ముళ్ళకంపకి అటూ ఇటూ

మా జగ్గయ్యపేటవాళ్ళకి సరిహద్దు కొత్త కాదు. ఊరు దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే గరికపాడు, గరికపాడు దగ్గర పాలేరు, పాలేరు మీద వంతెన. ఇటు మేము, అటు కోదాడ. 1948 దాకా అటు నిజాం రాజ్యం, ఇటు 1947 దాకా ఇంగ్లీషువాడి మద్రాసు ప్రెసిడెన్సీ. దాటే సరుకుకి నిజాం సర్కారు కరోడ్‌గిరి వాళ్ళు సుంకం కట్టించుకునేవాళ్ళు. 1956లో ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2న మళ్ళీ పడింది. పడినా చెరిగినా మా ఇళ్ళలో నిఖాలు మాత్రం గీత చూసుకుని జరగలేదు. పేట పిల్లని కోదాడ ఇచ్చాం, ఖమ్మం పిల్లని నందిగామ తెచ్చుకున్నాం. మా ఆపా కోదాడ కోడలు. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం అన్నం తిని అసర్ నమాజు వేళకి ఇంటికొచ్చే దూరం. (జిల్లా పేరు కూడా 2022లో ఎన్టీఆర్ జిల్లా అయింది. మా నోటికి ఇంకా కృష్ణా జిల్లాయే వస్తుంది.)

అలాంటి వంతెన మీద మనుషుల్ని ఆపడం 2020లో చూశాం.

మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశం మొత్తం బంద్ అని. గడువు నాలుగు గంటలు. మర్నాడు హైదరాబాదులో హాస్టళ్ళవాళ్ళు పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నారు. పోలీసులు ఊళ్ళకి పొమ్మని పాస్‌లు రాసిచ్చారు. మోటారు సైకిళ్ళ మీద, కార్లలో వాళ్ళంతా వచ్చి గరికపాడు దగ్గర ఆగారు. తెలంగాణ పాసు ఆంధ్రాలో చెల్లదన్నారు. ఆడపిల్లలు కూడా ఆ రాత్రి రోడ్డు మీదే. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకున్నాయి. హాస్టళ్ళు మూయొద్దని అక్కడ చెప్పారు, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండమని ఇక్కడ చెప్పారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంటామన్న కొందరిని రానిచ్చారు, మిగతావాళ్ళు తిరిగిపోయారు.

అదే వారంలో మా మెట్ట ఊళ్ళలో పొలిమేరల దగ్గర రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప పడింది. కంప లేనిచోట ఎడ్లబండి, బండి లేనిచోట తాటిమొద్దు. 'మా ఊరికి మీరు రావద్దు, మీ ఊరికి మేం రాం' అని అట్టముక్క మీద రాసి కట్టారు. నాకు ఆ కంప మీద అప్పుడు ఫిర్యాదేమీ లేదు. మా నాయనమ్మ 'గత్తర' అనే మాటని గొంతు తగ్గించి అనేది, గట్టిగా అంటే వింటుందేమోనన్నట్టు. రోగానికి మందు లేనప్పుడు పొలిమేరే మందు. పైగా ఆ వారం ఆ కంప అందరినీ ఆపింది. హైదరాబాదు నుంచి వచ్చిన సొంత కొడుకుని కూడా ఊరి బయట మామిడితోటలో పడుకోబెట్టిన తండ్రులున్నారు. కంప దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్ళు అడిగింది ఒకటే ప్రశ్న: ఎక్కడ్నించి వస్తున్నావు?

నందిగామలో నాకో స్నేహితుడున్నాడు. ఇద్దరం ఒకే హైస్కూల్లో ఒకే బెంచీ. సైన్సు మాష్టారుగా రిటైరయ్యాడు. దేవుణ్ణి నమ్మడు, గణాంకాల్ని నమ్ముతాడు. లాక్‌డౌన్ రోజుల్లో రాత్రిపూట ఫోన్లో గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. వాడి వాదం నిక్కచ్చి: "దారులు మూసెయ్యాల్రా. మనుషులు కదిలితేనే రోగం కదులుతుంది." దానికి వాడి సాక్ష్యం సమోవా. పసిఫిక్ సముద్రంలో ఆ దీవులు అప్పట్లో రెండు పాలనల కింద ఉండేవి. 1918 ఇన్‌ఫ్లుయెంజా నాడు అమెరికా చేతిలో ఉన్న తూర్పు భాగం గవర్నరు ఏ ఓడనీ తిన్నగా దిగనివ్వలేదు, అక్కడ ఆ రోగంతో ఒక్కరూ చావలేదు. న్యూజిలాండ్ చేతిలో ఉన్న పడమటి భాగంలో ఆ నవంబరులో తలూన్ అనే ఓడని దిగనిచ్చారు. అయిదుగురిలో ఒకరు పోయారు. "ఒక్క ఓడరా, ఒకే ఒక్క ఓడ," అనేవాడు.

కాదనడానికి లేదు. కానీ పాలేరు పసిఫిక్ సముద్రం కాదు గదా. వంతెన మీద మనుషుల్ని ఆపిన రాత్రి కూడా లారీలు పోతూనే ఉన్నాయి, పాలు, కూరగాయలు, మందులు వేసుకుని. పోవాలి కూడా, లేకపోతే జనం రోగానికి ముందు ఆకలికి పోతారు. ప్రతి లారీలో డ్రైవరు, క్లీనరు ఉంటారు. వాళ్ళకీ ముక్కూ నోరూ ఉంటాయి. దీవిలో తలుపు వేస్తే రోగం బయటే ఉండిపోవచ్చు. మా రోడ్డు మీద తలుపు వేస్తే కొద్ది రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ కొద్ది రోజుల్లో మంచాలు, ఆక్సిజన్, పరీక్షలు సిద్ధం చేసుకుంటే ఆ ఆలస్యానికి విలువ. లేకపోతే కంప కంపే.

ఇంకో మాట కూడా నేను వాడితో అనేవాణ్ణి. తలుపు వేసేవాడు ఎప్పుడూ బలవంతుడే, తలుపు బయట మిగిలేవాడు ఎప్పుడూ నోరులేనివాడే. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్నారు. లక్షల మంది రైళ్ళెక్కి పారిపోయారు. మగ్గాల మీద పనికి పోయిన మన తెలుగు పద్మశాలీలు అక్కడ వేలల్లో ఉన్నారు. చనిపోయింది దేశం మొత్తం మీద యాభై పైచిలుకు. గల్ఫ్ దేశాలు మాత్రం ఇండియా విమానాల్నే ఆపేశాయి. సూరత్ మొహం చూడనివాడికి కూడా పాస్‌పోర్టు మీద ప్లేగు ముద్ర. ఆ తర్వాత 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ అనే కొత్త రకం కనిపించిందని నిజాయితీగా లోకానికి చెప్పారు. రెండు రోజులు తిరక్కుండానే సంపన్న దేశాలు వాళ్ళకి తలుపులు వేశాయి. నెదర్లాండ్స్‌లో అంతకు ముందే తీసిన నమూనాల్లో కూడా అది ఉందని తర్వాత తేలింది. చెప్పినవాడికి శిక్ష పడింది, ఇంట్లో పెట్టుకుని తెలియనివాడు తీర్పరి అయ్యాడు.

వాదన అక్కడికొచ్చాక వాడు ఎగతాళిగా అన్నాడు, "మీ మతంలో ఏముందో చెప్పు, అల్లా చూసుకుంటాడనేగా?" అలా అనుకున్నవాళ్ళు మాలో లేకపోలేదు. వజూ చేసుకుని నమాజు చదివేవాడికి రోగం రాదని మా వీధి అరుగు మీద కూచుని చెప్పిన పెద్దమనిషిని నేనే నోరు మూసుకోమన్నాను. మా దగ్గర ఉన్న మాట అది కాదు గనక.

మా దగ్గర ఉన్నది ఉమర్ కథ. హిజ్రీ 18, అంటే మీ లెక్కలో 639. ఖలీఫా ఉమర్ మదీనా నుంచి షామ్ దేశానికి ప్రయాణమై సర్గ్ అనేచోటికి చేరాడు. అక్కడికొచ్చిన సేనానులు ముందర ప్లేగు ఉందని చెప్పారు. ఉమర్ తనొక్కడే నిర్ణయం చెయ్యలేదు. మక్కా నుంచి వలస వచ్చినవాళ్ళని పిలిచి అడిగాడు, వాళ్ళలో వాళ్ళకి పడలేదు. మదీనావాళ్ళని అడిగాడు, వాళ్ళకీ పడలేదు. ఖురైష్ ముసలివాళ్ళని అడిగితే వెనక్కి పొమ్మన్నారు. పోదామన్నాడు. సేనాని అబూ ఉబైదా అడ్డం తిరిగాడు, దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నావా అని. ఒక దైవ నిర్ణయం నుంచి ఇంకో దైవ నిర్ణయానికే పోతున్నానని ఉమర్ జవాబు. ఒక పక్క పచ్చిక, ఒక పక్క రాళ్ళు ఉన్న లోయలో ఒంటెని ఎటు మేపినా దేవుడి ఇష్టప్రకారమే గదా అని అడిగాడు. అప్పుడు ఇంకో సహచరుడు వచ్చి ప్రవక్త చెప్పిన మాట గుర్తుచేశాడు: రోగం ఉన్నచోటికి వెళ్ళొద్దు, మీరున్నచోట రోగం వస్తే దానికి భయపడి పారిపోవద్దు.

"అయితే మీ ఖలీఫా నా పక్షమేరా!" అని వాడు ఫోన్లోనే చప్పట్లు కొట్టాడు.

వాడి పక్షమే. కానీ ఆ కథలో వాడు వదిలేసిన ముక్కలు రెండున్నాయి. ఒకటి, ఆ కట్టడికి మొదట కట్టుబడినవాడు రాజ్యమేలే మనిషి. వెనక్కి తిరిగింది ఖలీఫా ఒంటె. రెండు, లోపలున్నవాళ్ళని కదలొద్దన్నాక వాళ్ళతోపాటు ఉండిపోయినవాడు ఒకడున్నాడు. అబూ ఉబైదా తన మనుషుల్ని విడిచి రాలేదు, ఆ ప్లేగులోనే చనిపోయాడు. 2020లో తలుపు వేసినవాళ్ళలో ఎవరి ఒంటె వెనక్కి తిరిగింది? అడ్డం వేసినవాడికి కంపకి ఇటు తిండి ఉంది. అటు నిలబడ్డవాడికి ఏముందని ఎవరడిగారు?

ఈ వాదన ఇలా పుస్తకాల వాదనగానే నడిచేదేమో. మార్చి 31 వచ్చింది.

నిజాముద్దీన్ మర్కజ్‌లో మార్చి మధ్యలో తబ్లీగీ జమాత్ సమావేశం జరిగింది. ఆ నెల చివర అక్కడివాళ్ళని బయటికి తీశారు, చాలామందికి రోగం ఉంది. ఆ సభ ఆపాల్సింది, జనాన్ని ముందే పంపెయ్యాల్సింది, నేనూ అంటాను. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు గోడ దూకి రాలేదు. మన ప్రభుత్వం ఇచ్చిన వీసాల మీద, మన ప్రభుత్వం తెరిచి ఉంచిన విమానాశ్రయాల గుండానే వచ్చారు, అదీ అంటాను. వెళ్ళొచ్చినవాళ్ళని వెతికి పరీక్షలు చెయ్యాలి. చేశారు. కానీ ఢిల్లీలో రోజూ సాయంత్రం చదివే లెక్కలో మాకొక ప్రత్యేకమైన గడి పెట్టారు. ఏప్రిల్ 18న చెప్పిన లెక్క: మొత్తం 14,378 కేసులు, అందులో మర్కజ్‌తో ముడిపడినవి 4,291. ఎక్కడ వెతికితే అక్కడ దొరుకుతుంది. పెళ్ళికి పోయివచ్చినవాళ్ళ గడి లేదు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళ గడి లేదు. ఒక్కటే గడి, దానికి టోపీ ఉంది. కేసుల్ని మతాల వారీగా లెక్కపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున మైక్ ర్యాన్ ఏప్రిల్ 6న అన్నాడు. మన రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కూడా ఆ మొదటి వారంలోనే దీన్ని ఏ మతానికీ అంటగట్టొద్దన్నారు. పెద్దవాళ్ళ మాటలు టీవీలో ఉండిపోయాయి. ఫోన్లలో తిరిగినవి వేరు.

మా చిచ్చా కొడుకు ట్రాలీ ఆటోలో పళ్ళు అమ్ముతాడు. వేసవిలో పుచ్చకాయలు, తర్వాత మామిడి. నందిగామ చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళు వాడి లైను, పదిహేనేళ్ళుగా. నిత్యావసరాల కింద పళ్ళబండ్లని తిరగనిచ్చారు, వాడి దగ్గర పాసు ఉంది. మార్చి ఆఖర్లో కూడా ఒక ఊళ్ళో, పేరెందుకులెండి, కంప పక్కకి లాగి వాణ్ణి రానిచ్చారు. ఏప్రిల్ మొదటి వారంలో అదే ఊరు, అదే కంప, అవే కుర్రాళ్ళు. ఈసారి ఎక్కడ్నించి వస్తున్నావని ఎవరూ అడగలేదు. ఎక్కడ్నించి వస్తాడో వాళ్ళకి తెలుసు, నందిగామ నుంచి. "నీ పేరేంటి?" అన్నారు. పదిహేనేళ్ళ నుంచి పేరు పెట్టి పిలిచినవాళ్ళే.

"భాయిజాన్, నా పేరు వాళ్ళకి తెలీదా? నా చేత చెప్పించారు," అన్నాడు వాడు. చెప్పాడట. పళ్ళ మీద ఉమ్మేసి అమ్ముతున్నార్రా మీవాళ్ళు, వీడియో చూశాం, అన్నారట. ఆ వీడియో ఎక్కడో మధ్యప్రదేశ్‌లో ఫిబ్రవరిలో తీసింది, రోగానికీ దానికీ సంబంధం లేదు. వాడి వెనకాలే వచ్చిన ఇంకో పళ్ళబండిని లోపలికి పంపారు. అతను కూడా నందిగామ మార్కెట్లో సరుకు ఎత్తినవాడే, వీడి పక్కన నిలబడి, అదే కాటా మీద. ఆ పూట వాడి పుచ్చకాయలు ఎండకి పగిలిపోయాయి.

ప్రయాణాల మీద నిషేధం సరా తప్పా అని అడిగితే నాకు జవాబు దొరికింది ఇక్కడే, సమోవాలో కాదు. 'ఎక్కడ్నించి వస్తున్నావు' అన్నది రోగం గురించిన ప్రశ్న. దానికి జవాబు చెప్పొచ్చు, పద్నాలుగు రోజులు ఆగొచ్చు, పదిహేనో రోజు ఆ ప్రశ్న అయిపోతుంది. 'నీ పేరేంటి' అన్నదానికి పదిహేనో రోజు లేదు. కానీ మా విషయంలో మొదటి ప్రశ్న కూడా అంత అమాయకమైంది కాదు. ఎక్కడ్నించి వచ్చార్రా మీరు అని మమ్మల్ని ఈ దేశం రోగం లేనప్పుడు కూడా అడుగుతూనే ఉంది. బాబరుతో వచ్చారన్నారు, పాకిస్తాను పొమ్మన్నారు. మా తాతముత్తాతలు ఈ మెట్ట చేలల్లో జొన్నలు కోసిన సంగతి మా చేతులకి తెలుసు, అడిగేవాళ్ళకి తెలియదు. అందుకే కంప దగ్గర కుర్రాడు ఆ మాట అడిగినప్పుడు హైదరాబాదు హాస్టలు పిల్లాడు ఒక ఊరి పేరు చెప్పి ఊరుకున్నాడు. మావాడు చెప్పబోయేసరికి వెనక వెయ్యేళ్ళ లెక్క తెరుచుకుంది. హాస్టలు పిల్లల కోసం రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి, మంచిదే. మావాడి ట్రాలీ కోసం ఎవరు ఎవరితో మాట్లాడాలి?

ఇది కొత్త కూడా కాదు. 2020లో వాడిన చట్టం 1897 నాటి అంటురోగాల చట్టం, బొంబాయి ప్లేగు రోజుల్లో ఇంగ్లీషువాడు చేసింది. ఆ ఏడే ఇక్కడి రేవుల నుంచి హజ్‌కి పోవడాన్ని కూడా ఆపేశారు. మామూలు ఏళ్ళలో కూడా ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవి దగ్గర హాజీల ఓడల్ని ఆపి, మనుషుల్ని దింపి, బట్టలు ఆవిరి పట్టి రోజుల తరబడి కూచోబెట్టేవాళ్ళు. 1865లో మక్కాలో కలరా వేలమందిని చంపింది, ఆ భయం నిజమైందే. కాకపోతే యూరపు కళ్ళకి హాజీ అంటేనే కలరా మోసుకొచ్చే మనిషిగా మిగిలిపోయాడు. 2020లో సౌదీ ప్రభుత్వమే బయటి దేశాలవాళ్ళకి హజ్ మూసేసింది, అక్కడ ఉంటున్న కొద్దిమందితోనే జరిపింది. జీవితమంతా డబ్బు కూడబెట్టుకున్నవాళ్ళు ఏడ్చారు, ఒక్కరు కూడా అవమానం అనలేదు. అందరికీ వేసిన తలుపు అది.

ఆ ఏప్రిల్‌లోనే కోదాడలో మా ఆపా భర్త పోయారు. కరోనా కాదు, గుండె. అరగంట దూరం. చావుకి పోవడానికి పాసు ఇస్తారు, అర్జీ పెట్టాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడున్న మనిషి కూడా నిద్రలేకుండా పనిచేస్తున్నాడు. పాసు మర్నాడు సాయంత్రం వచ్చింది. జొహర్ తర్వాతే మట్టి ఇచ్చేశారు. జనాజాకి ఇరవైమందికి మించకూడదన్నారు గనక ఇంటి మగవాళ్ళే మోశారు. ఆపా ఫోన్లో, "రాకు తమ్ముడూ, అక్కడ ఎవరైనా ఏమైనా అంటారు," అంది. రోగం అంటుకుంటుందని కాదు, ఎవరైనా ఏమైనా అంటారని. చేతిలో పాసు ఉంది. నేను వెళ్ళలేదు.

సైన్సు మాష్టారికి ఈ రెండూ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నిషేధం తప్పు కాదురా, మనుషుల తప్పు," అన్నాడు. నిషేధాన్ని గాలి అమలు చేస్తుందా, మనుషులేగా చేసేది, అన్నాను. ఆ రాత్రికి ఫోన్ పెట్టేశాం.

ఏడాది తర్వాత 2021 మే వచ్చింది, రెండో విడత. ఈసారి తలుపు వేసింది అటువాళ్ళు. హైదరాబాదు ఆసుపత్రిలో మంచం ఖాయమైందని ముందుగా కాగితం ఉంటే తప్ప బయటి రాష్ట్రాల రోగుల్ని రానివ్వబోమని తెలంగాణ ప్రభుత్వం మే 11న ఉత్తర్వు తెచ్చింది. వంతెన అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర అంబులెన్సులు బారులు తీరాయి. ఎగశ్వాసతో ఉన్నవాళ్ళని వెనక్కి తిప్పారు. చట్టం ప్రకారం ఆనాటికి హైదరాబాదు ఇంకా ఉమ్మడి రాజధానే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది.

ఆ రోజుల్లో వాడే ఫోన్ చేశాడు, ఆవేశంగా. "మనల్ని ఆపుతున్నార్రా! ఊపిరాడని మనిషిని ఏ రాష్ట్రం అని అడుగుతున్నారు!" సమోవా మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నన్ను పట్టుకున్నది వాడన్న 'మనల్ని'. ఆంధ్రావాళ్ళం అనే ఆ 'మనం'లో నేను నిస్సంకోచంగా ఉన్నాను, వాడు తడుముకోలేదు. ఏడాది కిందట కంప దగ్గర మావాణ్ణి ఆపినప్పుడు వాడు జాలిపడ్డాడు, కోపపడ్డాడు కూడా, కానీ అప్పుడన్న మాట 'మీవాణ్ణి ఆపారట గదా' అని. వాడు చెడ్డవాడు కాదు. నాకున్న స్నేహితుల్లో మంచివాడు. అందుకే ఆ తేడా ఇంకా గుచ్చుకుంటుంది.

కేసుల సంగతి కూడా చెప్పాలి. విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసుల్ని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 2020 ఆగస్టు 21న కొట్టేసింది, వాళ్ళని బలిపశువుల్ని చేశారంది. ఢిల్లీలో వాళ్ళకి ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయుల మీద పెట్టిన 16 కేసుల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జులై 17న కొట్టేసింది. అయిదేళ్ళు దాటాక. ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో చదివాను. మా చిచ్చా కొడుక్కి చదివి వినిపిస్తే, "అయితే ఆ ఊళ్ళో చెప్తారా భాయిజాన్?" అన్నాడు.

వాడు ఆ ఊరు మళ్ళీ వెళ్తున్నాడు. కంప తీసేశాక రెండు నెలలకే వెళ్ళాడు, వెళ్ళకపోతే గడవదు. కాయలు కొంటున్నారు, బేరాలాడుతున్నారు, ఒకావిడ ఉగాదికి పచ్చడి గిన్నెతో పెట్టింది కూడా. ఆటో వెనక అద్దం మీద ఎప్పట్నుంచో పచ్చరంగుతో 786 అని ఉండేది. 2020 ఏప్రిల్‌లో బ్లేడుతో గీకేశాడు. మొన్న ఆటోకి కొత్త రంగు వేయించాడు, పిల్లల పేర్లు రాయించాడు, ఫోన్ నంబరు రాయించాడు. అద్దం మీద ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంచాడు. నేనూ అడగలేదు.